విషాల నుంచి క్యాన్సర్ మందులు: అపోహలు - వాస్తవాలు

క్యాన్సర్ విభాగంలో కీమో మందులు కలిపే ఫార్మసిస్టుగా నాకు పదే పదే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. తేలు విషమో, తేనెటీగ విషమో, ఫలానా ఆకు రసమో క్యాన్సర్ వ్యాప్తిని ఆపుతుందని వార్త వచ్చింది కదా, మరి దాన్నే ఎందుకు ఇవ్వరు? ఇలా అడిగేవారు ఆత్మీయుల ప్రాణం మీద బెంగతో అడుగుతారు కనుక వారికి ఎంత ఓపికగానైనా జవాబు చెప్పవలసిందే. ఆ వార్తను సగం చదివి, మిగతా సగం కల్పించి ప్రచారం చేసేవారిని మాత్రం నేను సహించలేను.

అపోహ: విషం క్యాన్సర్ కణాలను ఆపిందని పరిశోధనలో తేలింది కాబట్టి, ఆ విషాన్నో ఆ మొక్క కషాయాన్నో తీసుకుంటే జబ్బు పాకదు.

వాస్తవం: ఖర్చూ కాలమూ ప్రాణమూ ఎక్కువగా పోయేది ఈ ఒక్క నమ్మకం వల్లనే. క్యాన్సర్ కణం మరో అవయవానికి చేరాలంటే చుట్టూ ఉన్న కణజాలపు అల్లికను ఎంజైములతో కోసుకోవాలి, ఇంటెగ్రిన్లనే ప్రొటీన్లతో పట్టు దొరకబుచ్చుకుంటూ కదలాలి, ఆపై రక్తనాళంలోకి దూరాలి. కొన్ని విషాలలోని అణువులు సరిగ్గా ఇక్కడే అడ్డుపడతాయి. లియూరస్ అనే తేలు విషంలోని క్లోరోటాక్సిన్ 36 అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్. అది గ్లయోమా (మెదడులో పుట్టే ఒక రకం కణితి) కణాలకు అతుక్కుని, వాటి చొరబాటుకు తోడ్పడే ఎంఎంపీ-2 ఎంజైము పనిని తగ్గిస్తుందని ప్రయోగశాలలో గమనించారు. కొన్ని పింజరి జాతి పాముల విషంలోని డిసింటెగ్రిన్లు ఇంటెగ్రిన్లను పట్టుకుని కణం పట్టు సడలిస్తాయి.

అయితే ఆ ప్రయోగం ఎలా ఉంటుందో చూడాలి. పళ్లెం అడుగున పరుచుకున్న కణాల పొర మీద పిపెట్ కొనతో ఒక గీత గీస్తారు. మందు వేసి, ఆ ఖాళీని కణాలు ఎన్ని గంటల్లో పూడుస్తాయో మైక్రోస్కోపు కింద గమనిస్తారు. గీత ఆలస్యంగా పూడితే 'వ్యాప్తి తగ్గింది' అన్న శీర్షిక పుడుతుంది. ఆ పళ్లెంలో గుండె లేదు, కాలేయం లేదు, నరాలు లేవు. ఇంటెగ్రిన్లను అడ్డుకునేందుకే రూపొందించిన సిలెంగిటైడ్ ఎన్నో ఆశలు రేపినా, గ్లయోబ్లాస్టోమా (గ్లయోమాల్లో తీవ్రమైన రకం) రోగులపై జరిగిన మూడో దశ ట్రయల్‌లో, అంటే మందు పనితనాన్ని ఎక్కువమంది రోగులపై తేల్చే పరీక్షలో, ఆయుష్షును పెంచలేకపోయింది. ఆ ఫలితాలు 2014లో వెలువడ్డాయి. తేనెటీగ విషంలోని మెలిటిన్ క్యాన్సర్ కణాల పొరకు చిల్లులు పొడిచే మాట నిజమే, కానీ అది ఎర్ర రక్తకణాలనూ అలాగే పొడుస్తుంది.

ఇక మోతాదు సంగతి. బిళ్ళ గన్నేరు మొక్క నుంచి వచ్చే కీమో మందు విన్‌క్రిస్టిన్‌ను పెద్దవారికి సాధారణంగా ఒక్కసారికి 2 మిల్లీగ్రాములు దాటనివ్వం. అది సిరలోకే వెళ్లాలి. పొరపాటున వెన్నెముక ద్రవంలోకి వెళితే దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమే కనుక, సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ బ్యాగులో కలిపి, హెచ్చరిక చీటీ అంటించి పంపుతాం. అదే మొక్క ఆకులో వందకు పైగా ఆల్కలాయిడ్లు (శరీరంపై బలంగా పనిచేసే మొక్కల రసాయనాలు) ఉంటాయి, విన్‌క్రిస్టిన్ మాత్రం లేశమంత. గుప్పెడు ఆకులు మరిగిస్తే ఏది ఎంత దిగుతుందో ఎవరు కొలుస్తారు? మా దగ్గర చికిత్స పొందుతున్న ఒక పెద్దాయనకు తెల్ల రక్తకణాలు అనుకోనంతగా పడిపోయి, తర్వాతి కీమో విడత వాయిదా పడింది. మందుల చీటీలన్నీ ముందేసుకుని నేను ఒక్కొక్కటే అడుగుతూ పోగా, చివరికి ఆయన కూతురు కళ్లనీళ్లతో కషాయం మాట బయటపెట్టింది. 'తిడతారని చెప్పలేదండీ' అంది. ఆమెను తిట్టవలసిన పని ఎవరికీ లేదు. ఆమెకు ఆ సలహా ఇచ్చినవారు మాత్రం ఆ రోజు అక్కడ లేరు.

ఆప్రికాట్ గింజల్లో ఉండే, 'విటమిన్ బి17' పేరుతో అమ్మే అమిగ్డలిన్‌దీ ఇదే దారి. అది విటమిన్ కాదు. నోటి ద్వారా తీసుకుంటే పేగుల్లో విడిపోయి సైనైడ్ విడుదలవుతుంది. 178 మంది రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు 1982లోనే వచ్చాయి: చెప్పుకోదగ్గ మేలు ఎవరికీ కలగలేదు, కొందరి రక్తంలో సైనైడ్ ప్రాణాపాయ స్థాయికి దగ్గరగా చేరింది.

అపోహ: ప్రకృతి నుంచి వచ్చినదానికి దుష్ప్రభావాలు ఉండవు.

వాస్తవం: విన్‌క్రిస్టిన్ తీసుకున్నవారి వేళ్ల తిమ్మిరినీ మలబద్ధకాన్నీ చూసినవారెవరూ ఈ మాట అనరు.

అపోహ: ఇలాంటి మందులను కంపెనీలు తొక్కిపెడుతున్నాయి.

వాస్తవం: సముద్రపు స్పాంజి నుంచి వేరుచేసి 1986లో ప్రకటించిన హాలికాండ్రిన్-బి అనే పదార్థం ఆధారంగా ఎరిబ్యులిన్ అనే క్యాన్సర్ మందు తయారై, 2010లో అమెరికాలో అనుమతి పొందింది. అప్పటికే పలు చికిత్సలు తీసుకున్న, జబ్బు పాకిన రొమ్ము క్యాన్సర్ రోగులలో మధ్యగత ఆయుర్దాయం (సగం మంది రోగులు దాటి బతికిన కాలం) 10.6 నెలల నుంచి 13.1 నెలలకు పెరిగింది. నిజమైన మందు ఇచ్చే నిజమైన లాభం తరచుగా ఇంతే ఉంటుంది, దానికీ ఏళ్ల తరబడి శ్రమ కావాలి.

ఎవరైనా విషంతో చేసిన మందు ఇస్తామంటే, అది నమోదైన క్లినికల్ ట్రయలేనా, ఏ దశలో ఉంది, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా అని రాతపూర్వకంగా అడగండి. ఇప్పటికే ఏదైనా మొదలుపెట్టి ఉంటే, తదుపరి కీమోకు ముందే ఆ సీసానో పొట్లాన్నో తీసుకువచ్చి, ఎప్పటినుంచి ఎంత వాడుతున్నారో మీ డాక్టరుకు గానీ ఫార్మసిస్టుకు గానీ చెప్పండి. రక్తకణాలు, కాలేయ పరీక్షలు, అవసరమైతే ఈసీజీ చూసిన తర్వాతే మేము ఆ రోజు మోతాదు నిర్ణయించగలం.