చిలకపచ్చ చీర పసుపు ఎలా అయింది

మా అమ్మానాయినల పెళ్లి 1984లో నల్లగొండకు దగ్గరలోని ఒక పల్లెలో జరిగింది. ఆ పెళ్లి ఆల్బమ్ ఇప్పటికీ మా ఇంటి బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా ఉంది. తెరిస్తే పందిరి మీది మామిడి మండలు, బంధువుల ముఖాలు, నేల మీది చాపలు అన్నీ ఇటుకపొడి చల్లినట్టు ఎర్రని ఛాయలో కనిపిస్తాయి. అప్పగింతల ఫొటోలో అమ్మ కట్టుకున్న పోచంపల్లి చీర ముదురు పసుపు రంగులో ఉంటుంది. అది చిలకపచ్చ చీర అని అమ్మ ఎన్నిసార్లు చెప్పినా, కళ్లెదుట ఫొటో ఉండగా మేము నమ్మలేదు. అమ్మ మాటే నిజమని ఈ మధ్యనే తేలింది. ఎలా తేలిందో చెప్పాలంటే, పాత ఫొటోను చూడగానే మనసు కరిగించే ఆ రూపం ఎక్కడి నుంచి వస్తుందో ముందు చెప్పుకోవాలి.

ఫిల్మ్ అంటే పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ మీద పలుచని జెలటిన్ పూత. ఆ పూతలో వెండి లవణాల స్ఫటికాలు, ముఖ్యంగా సిల్వర్ బ్రోమైడ్, లెక్కలేనన్ని చెల్లాచెదరుగా పరుచుకొని ఉంటాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో సుమారు వెయ్యో వంతు ఉంటుంది. షట్టర్ తెరుచుకున్న క్షణంలో వెలుతురు తగిలి, స్ఫటికంలో నాలుగైదు వెండి పరమాణువులు ఒకచోట చేరితే చాలు, దాని మీద ముద్ర పడినట్టే. అప్పటికి కంటికి ఏమీ కనిపించదు. రీలును చీకట్లో డెవలపర్ అనే రసాయన ద్రావణంలో ముంచినప్పుడు, ఆ కొద్దిపాటి పరమాణువుల ఆసరాతో స్ఫటికమంతా నల్లని లోహపు వెండిగా మారుతుంది. వెలుతురు చేసిన చిన్న మార్పు ఆ విధంగా కోట్ల రెట్లు పెరుగుతుంది. ముద్ర పడని లవణాన్ని హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, కరిగించి తీసేస్తుంది. మన స్టూడియోలలో ఫొటోలు తీయించుకోవడంతో పాటు 'కడిగించుకోవడం' అనే మాట కూడా అంతగా స్థిరపడింది ఇందుకే.

డిజిటల్ కెమెరాలో వెలుతురు సెన్సర్ అనే సిలికాన్ పలక మీద పడి ఎలక్ట్రాన్లను విడిపిస్తుంది; ప్రతి పిక్సెల్ తన వాటాకు ఎన్ని వచ్చాయో లెక్క చెబుతుంది. ఈ పిక్సెళ్లు అడ్డవరుసలు, నిలువువరుసలుగా చదరంగపు గళ్లలా నిలబడి ఉంటాయి. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంట్ పొందిన అమరికనే నేటికీ చాలా కెమెరాలు వాడుతున్నాయి. అందులో ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండు ఆకుపచ్చను, ఒకటి ఎరుపును, ఒకటి నీలాన్ని మాత్రమే చూస్తాయి. తాను చూడని రంగులను ఒక్కో పిక్సెల్‌కు పొరుగువాటిని బట్టి కెమెరా అంచనా కడుతుంది.

చెల్లాచెదరు స్ఫటికాలకూ, వరుస తప్పని పిక్సెళ్లకూ ఉన్న తేడా మా ప్రాంతంలో చీరల మీదనే బయటపడుతుంది. సన్నని గళ్లున్న పుట్టపాక తేలియా రుమాలునో, దగ్గర దగ్గర గీతలున్న చీరనో కొంత దూరం నుంచి డిజిటల్ కెమెరాతో తీస్తే, బట్టలో లేని అలలూ రంగుల చారలూ ఒక్కోసారి ఫొటోలో తేలుతాయి. ఒక దోమతెర మీద మరొక దోమతెర పరిచినప్పుడు కనిపించే అలలు ఇవే. దారాల వరుస, పిక్సెళ్ల వరుస ఒకదానితో ఒకటి పొసగక పుట్టిన భ్రమ ఇది. ఫిల్మ్‌లో స్ఫటికాలకు వరుసే లేదు కనుక ఇటువంటి అలలు పుట్టవు. మనం ఫిల్మ్ గరుకుదనం అని ఇష్టపడే గ్రెయిన్ కూడా ఆ క్రమరాహిత్యపు రూపమే. అంచుల సంగతీ అంతే. చిటికి కట్టి, అంటే నేతకు ముందే నూలును అక్కడక్కడ బిగించి కట్టి, అద్దిన నూలులో రంగు కట్టు కిందికి రవ్వంత పాకుతుంది కాబట్టి, నేసిన పువ్వు అంచు కొద్దిగా చెదిరినట్టు ఉంటుంది. అదే డిజైనును అచ్చు వేసిన బట్టలో అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. రంగు ఫిల్మ్‌లో బొమ్మ చిన్న చిన్న రంగు మబ్బులతో ఏర్పడుతుంది కనుక, దాని అంచులు చిటికి అంచుల్లాగే మెత్తగా ఉంటాయి.

వెలుతురు ఎక్కువైనచోట కనిపించే తేడా ఇంకా ముఖ్యమైనదని నా అభిప్రాయం. ఫిల్మ్ మీద పడిన వెలుతురుకూ, అక్కడ ఏర్పడే నలుపుకూ ఉన్న సంబంధాన్ని హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1890లో ఒక వక్రరేఖగా గీసి చూపించారు. వెలుతురు బాగా పెరిగినచోట ఆ రేఖ నిటారుగా ఎక్కకుండా మెల్లగా వాలుతుంది, అంటే ఫిల్మ్ అదనపు వెలుతురును కొద్దికొద్దిగా మాత్రమే స్వీకరిస్తుంది. సెన్సర్ అలా కాదు: బిందె నిండేదాకా ప్రతి చుక్కనూ ఒకే తీరుగా లెక్కిస్తుంది, నిండిన తర్వాత పడినదంతా పొర్లిపోయి ఉత్త తెలుపు మిగులుతుంది. నాగార్జునసాగర్ 26 గేట్లు ఎత్తిన రోజున, ఎండలో మెరిసే నురగను ఫిల్మ్ మీద తీసిన ఫొటోలో నురగ లోపల మడతలు కనిపిస్తాయి. డిజిటల్ కెమెరాతో జాగ్రత్త పడకుండా తీస్తే అక్కడ సున్నం పూసినట్టే ఉంటుంది. నేటి ఫోన్లు వెంటవెంటనే అనేక ఫొటోలు తీసి కలిపి ఈ లోటును చాలావరకు పూడ్చుకుంటున్నాయి. చీకటి విషయంలో మాత్రం మంచి సెన్సర్‌దే పైచేయి అని ఒప్పుకోవాలి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలోని మసక నీడను అది పట్టినట్టు నేను వాడిన ఏ రీలూ పట్టలేదు.

ప్రతి కాలపు ఫొటోకూ ఆ కాలపు రసాయనమే రూపం ఇచ్చింది. మహబూబ్‌నగర్‌కు ఎవరి పేరు వచ్చిందో ఆ ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో రాజా దీన్‌దయాళ్ ఫొటోగ్రాఫరుగా ఉన్నాడు. ఆ కాలపు గాజు పలకలు ముఖ్యంగా నీలం వైపు వెలుతురునే పట్టేవి, ఎరుపును దాదాపు పట్టేవి కావు. అందుకే అటువంటి ఫొటోలలో నీలాకాశం తెల్లగా తేలిపోతుంది, ఎర్రని వస్త్రాలూ కుంకుమబొట్లూ నల్లగా కనిపిస్తాయి.

ఇక అమ్మ చీర. రంగు ఫిల్మ్‌లో నీలం, ఆకుపచ్చ, ఎరుపు వెలుతురులను పట్టే మూడు పొరలు ఉంటాయి. కడిగేటప్పుడు వాటిలో వరుసగా పసుపు, మజెంటా (ముదురు గులాబీ), సయాన్ (నీలిపచ్చ) అద్దకాలు ఏర్పడతాయి. వెండిని చివరకు పూర్తిగా తీసేస్తారు. ప్రింటు కాగితం మీద మిగిలేవి కూడా ఈ మూడు అద్దకాలే. ఇవి సేంద్రియ అణువులు, వేడికీ తేమకూ వెలుతురుకూ విరిగిపోతాయి. ఆ కాలపు అనేక కాగితాలలో, చీకట్లో దాచినా ముందుగా బలహీనపడేది సయాన్. సయాన్ తగ్గితే ఫొటో అంతా ఎర్రబారుతుంది. కాగితం మీద ఆకుపచ్చ అంటే పసుపు, సయాన్ కలిసినదే కాబట్టి, సయాన్ పోయినచోట పసుపే మిగులుతుంది. వేసవిలో 45 డిగ్రీలు తాకే మా ఊళ్లలో, ఇనుప బీరువా లోపల ఈ పని మరింత త్వరగా జరుగుతుంది. అంతకంటే ఎంతో పాతదైన తాత నలుపుతెలుపు ఫొటో మాత్రం నేటికీ చెక్కుచెదరలేదు. అది అద్దకం కాదు, లోహపు వెండి.

అందువల్ల ఫోన్లలో పాత ఫొటోల కళ పేరుతో వాడే ఎర్రటి, పసుప్పచ్చని ఫిల్టర్లు చాలావరకు ఫిల్మ్‌ను అనుకరించడం లేదు, శిథిలమైన కాగితాన్ని అనుకరిస్తున్నాయి. 1984లో స్టూడియో నుంచి చేతికి వచ్చిన రోజున ఆ ఆల్బమ్ అలా లేదు. గ్రెయిన్, మెత్తని అంచు, నురగలోని మడతలు ఫిల్మ్ సొంత గుణాలు. ఎర్రదనం దానికి పట్టిన జబ్బు. ఆ జబ్బును చూసి మన గుండె కరగడంలో తప్పేమీ లేదు, కానీ మన వాళ్లు ఆ రంగులోనే బతికారని పిల్లలు అనుకుంటే నాకు బాధ కలుగుతుంది.

మా ఊళ్లలో నెగెటివ్‌లు, అంటే ప్రింట్లు తీసే అసలు ఫిల్మ్ ముక్కలు, సాధారణంగా స్టూడియోలోనే ఉండిపోయేవి. మా మేనమామ పట్టుబట్టి తెచ్చుకున్నందువల్ల, మా ఇంటివి ఒక కాగితపు కవరులో మిగిలాయి. మొన్నటి సంక్రాంతికి వాటిని స్కాన్ చేసి, నెగెటివ్‌కు సహజంగా ఉండే నారింజరంగును తీసివేసి చూస్తే, అప్పగింతల ఫొటోలో చీర పచ్చగా వెలిగింది. "గదే చెప్తున్న గద బిడ్డా ఇన్నేండ్లసంది" అన్నది అమ్మ. నెగెటివ్‌లోనూ ఉన్నవి అద్దకాలే కనుక, ఆ పచ్చ ఎంతవరకు నిజమో తేల్చడానికి మరొక ఆధారం కావలసి వచ్చింది. అమ్మే లోపలికి వెళ్లి, ఆ చీరతో కుట్టిన బొంత తెచ్చి, ఒక మూల కుట్లు విప్పింది. వెలుతురు తగలని లోపలి మడతలో బెత్తెడు గుడ్డ చిలకపచ్చగానే ఉంది. దాన్ని తెర పక్కన పెట్టుకొని, రెండూ కలిసేదాకా రంగును సరిచేశాము.