హస్తవాసి కోసం పోయిన కాలం, రేటు కోసం పోతున్న కాలం

2023 మే 13న మెక్సికోలో, అమెరికా సరిహద్దుకు ఆనుకుని ఉన్న మాతమోరోస్ పట్టణంలో అధికారులు రెండు క్లినిక్‌లను మూసేయించారు. ఆ ఏడాది జనవరి నుంచి అక్కడ కొవ్వు తీయించుకున్నవాళ్లు, ఇతర కాస్మెటిక్ ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లు చాలామంది అప్పటికే సరిహద్దు దాటి ఇళ్లకు చేరిపోయారు. వెన్నులోకి మత్తు సూది వేసినప్పుడు దాంతోపాటే ఒక ఫంగస్ లోపలికి వెళ్లి, మెదడునూ వెన్నుపామునూ కప్పి ఉంచే పొరలకు పట్టుకుంది. మొదట వచ్చేది తలనొప్పే. మాత్ర వేసుకుంటే పోతుందిలే అనిపించే తలనొప్పి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ రెండు వందల మందికి పైగా మనుషుల పేర్లు పట్టుకుని, ఒంట్లో బాగానే ఉన్నా సరే ఆసుపత్రికి వెళ్లి పరీక్ష చేయించుకోమని చెప్పాల్సి వచ్చింది. అయినా 12 మంది చనిపోయారు.

అంతకు రెండు నెలల ముందే, అదే ఊళ్లో, పొట్ట తగ్గించే ఆపరేషన్ కోసం బయల్దేరిన ఒక మహిళ, ఆమెతో వెళ్లిన ముగ్గురు కిడ్నాప్ అయ్యారు. వాళ్లలో ఇద్దరు హత్యకు గురయ్యారు. అలాంటి ఊరికి ఎందుకు వెళ్లారని అడగడం తేలికే. కానీ వెళ్లినవాళ్లు మూర్ఖులేమీ కాదు. వాళ్ల చేతిలో ఒక లెక్క ఉంది. ఆ లెక్క ఎలా పుట్టిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

మొదట్లో దేశాలు దాటింది పేషెంట్ కాదు, పద్ధతి. నుదుటి చర్మాన్ని కిందికి తిప్పి తెగిన ముక్కును తిరిగి కట్టే విద్య భారతదేశంలో ఎప్పటినుంచో ఉంది. ఇంగ్లిష్ సైన్యం దగ్గర బండి తోలే కావాస్‌జీ అనే మనిషికి టిప్పు సుల్తాన్ సైనికులు ముక్కు కోసేస్తే, పుణె ప్రాంతంలో దాన్ని మళ్లీ కట్టిన వైనం 1794లో లండన్ పత్రిక ఒకటి బొమ్మతో సహా అచ్చేసింది. జోసెఫ్ కార్ప్యూ అనే లండన్ సర్జన్ ఆ పద్ధతిని శవాల మీద సాధన చేసి, 1814లో బతికున్న మనిషికి చేశాడు. మధ్యలో ఇరవై ఏళ్లు గడిచాయి. ఇప్పుడు కొత్త పద్ధతి ఒకటి వీడియోగా బయటికొస్తే ఇరవై రోజుల్లో ఎక్కడో ఒక క్లినిక్ బోర్డు మీద కనిపిస్తుంది.

పద్ధతుల తర్వాత డాక్టర్లు ప్రయాణం మొదలుపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికుల కోసం 1917లో ఇంగ్లండ్‌లోని సిడ్‌కప్‌లో ప్రత్యేక ఆసుపత్రి తెరిచారు. దానికి ప్రాణం సర్జన్ హెరాల్డ్ గిలీస్. ఆయన చుట్టూ కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సర్జన్లు చేరి పని నేర్చుకున్నారు. తర్వాతి తరంలో గిలీస్ దగ్గర నేర్చుకుని వెళ్లినవాళ్లలో బ్రెజిల్‌కు చెందిన ఈవో పిటాంగి ఒకరు. 1961 డిసెంబరులో రియో పక్కనే ఉన్న నితెరోయ్‌లో సర్కస్ డేరా తగలబడి వందల మంది చనిపోయారు. కాలిన పిల్లలకు చికిత్స చేసిన డాక్టర్లలో పిటాంగి ముందున్నాడు. రెండేళ్లకు రియోలో సొంత క్లినిక్ పెట్టాడు. ఒకవైపు ధర్మాసుపత్రిలో పేదలకు ఆపరేషన్లు చేస్తూనే, ఇంకోవైపు విమానాలు దిగి వచ్చే విదేశీ ధనవంతుల ముఖాలు సరిదిద్దాడు.

కాస్మెటిక్ సర్జరీ కోసం పేషెంట్లు దేశం దాటడం ఇక్కడే స్థిరపడిందని నా అభిప్రాయం. వాళ్లు రియోకు వెళ్లింది చవక కోసం కాదు. ఆ డాక్టర్ హస్తవాసి మంచిదని పేరుంది, ఆ చేయి అక్కడే ఉంది, అందుకే వెళ్లారు. కోలుకునేదాకా ఆగేంత డబ్బూ, తీరికా ఉన్నవాళ్లు. ఏదైనా తేడా వస్తే మళ్లీ విమానం ఎక్కి రాగలరు.

దీన్ని తలకిందులు చేసింది వైద్యం కాదు, కరెన్సీ. 1997 జూలై 2న థాయ్‌లాండ్ తన బాట్ విలువను మార్కెట్‌కు వదిలేసింది. నెలల్లోనే అది సగానికి పడిపోయింది. బ్యాంకాక్‌లో పెద్ద పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు అప్పటికే అప్పులు చేసి భవనాలు కట్టుకున్నాయి, కొన్ని అప్పులు డాలర్లలో ఉన్నాయి. చికిత్సకు డబ్బు పెట్టగల స్థానిక మధ్యతరగతి చితికిపోయింది. పడకలు ఖాళీ. కానీ డాలర్లు పట్టుకొచ్చేవాడికి అదే ఆసుపత్రి ఒక్కసారిగా సగం ధరకు దొరికింది. మార్కెటింగ్ విభాగాలు, దుబాసీలు, ఎయిర్‌పోర్టుకు కారు, హోటల్ లాంటి గదులు అప్పుడే మొదలయ్యాయి. బ్యాంకాక్‌లోని బుమ్రుంగ్రాద్ ఆసుపత్రి 2002లో జేసీఐ అనే అంతర్జాతీయ గుర్తింపు తెచ్చుకుంది. ఆ తర్వాత చాలా దేశాలు ఇదే దారి పట్టాయి. దక్షిణ కొరియా 2009లో చట్టం మార్చి, విదేశీ పేషెంట్లను ఆకర్షించే వ్యాపారానికి లైసెన్సు ఇచ్చింది. టర్కీలో లీరా పడిపోయిన కొద్దీ జుట్టు నాట్లకు ఇస్తాంబుల్ వెళ్లేవాళ్లు పెరిగారు.

ధర తక్కువైతే పని నాసిరకమని అనుకోవడం తప్పు. నర్సు జీతం, భవనం అద్దె, డాక్టర్ కట్టే బీమా ప్రీమియం ఇవన్నీ ఒక దేశంలో ఎక్కువ, ఇంకో దేశంలో తక్కువ. అది నిజమైన తేడా. చాలామంది మంచి సర్జన్లు ఆ తక్కువ ధరకే మంచి పని చేస్తున్నారు. చిక్కు ఏమిటంటే, బిల్లులో తగ్గిన ప్రతి రూపాయీ అలాంటి తేడా వల్లే తగ్గిందని చెప్పలేం. కొంత భాగం అసలు బిల్లులోకే ఎక్కలేదు కాబట్టి తగ్గినట్టు కనిపిస్తుంది. ఆపరేషన్ తర్వాత మూడో వారం, మూడో నెల చూసుకునే ఖర్చు అలాంటిదే. సొంత ఊళ్లో అయితే ఆ బాధ్యత అదే డాక్టర్‌ది. విదేశంలో అయితే అది ప్యాకేజీ అయిపోయాక ఇంకెవరి మీదో పడుతుంది.

డబ్బుంటే ఈ బెడద ఉండదనుకోవడానికీ లేదు. అప్పటి నైజీరియా అధ్యక్షుడి భార్య స్టెల్లా ఒబసాంజో 2005 అక్టోబరులో స్పెయిన్‌లోని మార్బెయాలో కొవ్వు తీయించుకున్న తర్వాత చనిపోయారు. కొవ్వు తీసే గొట్టాన్ని డాక్టర్ పొరపాటున కడుపు లోపలికి పోనిచ్చాడు. 2009లో స్పెయిన్ కోర్టు అతనికి ఏడాది జైలు శిక్ష వేసి, వైద్యం చేయకుండా నిషేధం విధించింది. చనిపోయింది ఒక దేశపు ప్రథమ మహిళ. అయినా తీర్పు రావడానికి నాలుగేళ్లు పట్టింది.

ఇంటికొచ్చాక బయటపడే జబ్బుల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రకటనల్లో ఎప్పుడూ కనిపించనిది ఇదే. 2003–04లో డొమినికన్ రిపబ్లిక్‌కు వెళ్లి పొట్ట ఆపరేషన్లు చేయించుకొచ్చిన అమెరికన్లలో కొందరికి గాయాలు మానలేదు. మానినట్టే మాని, వారాల తర్వాత ఎర్రటి గడ్డలు లేచి చీము కారేది. కారణం మైకోబ్యాక్టీరియం అబ్సెసస్. క్షయ సూక్ష్మజీవికి దూరపు చుట్టం, నీళ్లలోనూ మట్టిలోనూ ఉంటుంది. పనిముట్లు సరిగా శుద్ధి చేయకపోతే, గాయానికి కుళాయి నీళ్లు తగిలితే లోపలికి చేరే అవకాశం ఉంది. మామూలు చీము పరీక్షలో ఇది దొరక్కపోవచ్చు, ప్రత్యేకంగా వెతకమని డాక్టర్ రాయాలి. అలా రాయాలంటే పేషెంట్ ఎక్కడ ఆపరేషన్ చేయించుకున్నాడో చెప్పాలి. చాలామంది సిగ్గుపడి చెప్పరు. మామూలు యాంటీబయాటిక్స్‌కు ఇది లొంగదు. రెండు మూడు మందులు కలిపి నెలల తరబడి వాడాలి, కొందరికి మళ్లీ కోసి శుభ్రం చేయాలి. పదేళ్ల తర్వాత, 2013–14లో, అదే దేశం నుంచి అదే రకం కేసులు మళ్లీ వచ్చాయి.

అదే దేశంలో కాస్మెటిక్ ఆపరేషన్ల తర్వాత 2009 నుంచి 2022 దాకా 93 మంది అమెరికా పౌరులు చనిపోయారని సీడీసీ 2024 జనవరిలో ప్రకటించింది. 2018 దాకా ఏడాదికి సగటున నలుగురు. ఆ తర్వాతి నాలుగేళ్లలో ఏడాదికి 13 మంది. వివరాలు దొరికిన కేసుల్లో దాదాపు అన్నిట్లోనూ కారణం ఒకటే కోవకు చెందింది: రక్తపు గడ్డో, కొవ్వు ముద్దో వెళ్లి ఊపిరితిత్తుల రక్తనాళాన్ని మూసేయడం. చాలామంది ఊబకాయం ఉన్నవాళ్లు, ఒకే రోజున ఒకటికి మించి ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లు.

ఒకే రోజున ఎందుకు? ఇది వైద్యం అడిగిన ఏర్పాటు కాదు, టికెట్ అడిగిన ఏర్పాటు. ఇంత దూరం వచ్చాం, మళ్లీ మళ్లీ రాలేం, పొట్టా నడుమూ రొమ్ములూ ఒకేసారి కానిచ్చేద్దాం అనిపిస్తుంది. ఏజెంట్ కూడా అలా కలిపితేనే డిస్కౌంట్ ఇస్తాడు. ఆపరేషన్ సమయం పెరిగేకొద్దీ కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఆ తర్వాత గంటల తరబడి విమానంలో కదలకుండా కూర్చుంటే ఇంకా పెరుగుతుంది. ఛాతీకో పొట్టకో ఆపరేషన్ జరిగితే కనీసం పది రోజులు విమానం ఎక్కొద్దని సీడీసీ సలహా. ముఖానికి చేయించుకున్నవాళ్లు ఏడు నుంచి పది రోజులు ఆగాలని బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ చెబుతుంది. రానూపోనూ కలిపి వారం రోజుల ప్యాకేజీ పక్కన ఈ అంకెలు పెట్టి చూడండి.

కొవ్వు ముద్ద సంగతి వేరు. ఒంట్లో ఒకచోట తీసిన కొవ్వును పిరుదుల్లోకి ఎక్కించే ఆపరేషన్ బ్రెజిల్ పేరుతోనే ప్రపంచమంతా పాకింది. సూది కండరం లోతుకు పోతే అక్కడి పెద్ద సిరలు చిరిగి, కొవ్వు రక్తంలో కలిసి గుండెకూ ఊపిరితిత్తులకూ చేరుతుంది. నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. దాదాపు మూడు వేల మందిలో ఒకరు చనిపోతున్నారని 2017లో నిపుణుల బృందం ఒకటి అంచనా వేసింది. మరే కాస్మెటిక్ ఆపరేషన్‌కూ ఇంత చెడ్డ లెక్క లేదు. బ్రిటన్ సర్జన్ల సంఘం 2018లో తన సభ్యులను ఇది ఆపేయమని కోరింది. సూది ఎక్కడుందో అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చర్మం కింది పొరలో మాత్రమే ఎక్కించాలన్న షరతుతో 2022లో సడలించింది. అదే ఏడాది ఫ్లోరిడాలో ఒక సర్జన్ రోజుకు ఇలాంటివి మూడుకు మించి చేయకూడదని నిబంధన పెట్టారు. ఫ్లోరిడా ఉన్నది అమెరికాలోనే. చవక రేట్లు, వరస ఆపరేషన్లు ఎక్కడుంటే ప్రమాదం అక్కడికే వస్తుంది, దానికి పాస్‌పోర్టు అక్కర్లేదు.

వస్తువు కూడా సరిహద్దులు దాటుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన పీఐపీ కంపెనీ రొమ్ముల్లో పెట్టే సంచుల్లోకి వైద్యానికి పనికిరాని పారిశ్రామిక సిలికాన్ నింపిందని 2010లో బయటపడింది. అప్పటికే అవి దాదాపు 65 దేశాల్లో, మూడు లక్షల మంది శరీరాల్లో ఉన్నాయి. ఫ్రాన్స్ ప్రభుత్వం అక్కడి మహిళలకు వాటిని తీయించే ఖర్చు భరించింది. అందం కోసం పెట్టించుకున్నవాళ్లకు కొత్తవి పెట్టే ఖర్చు మాత్రం భరించలేదు. ఎక్కడో పరాయి దేశంలో పెట్టించుకుని, ఏ కంపెనీవో రాసిన కార్డు కూడా లేనివాళ్లకు అసలు తమ ఒంట్లో ఉన్నది అదో కాదో తేల్చుకోవడమే పెద్ద టెన్షన్.

బాధ్యుల్ని పట్టుకోవడం గురించి చెప్పాలంటే కొరియా దగ్గరికి రావాలి. పేరున్న డాక్టర్ మాట్లాడి ఒప్పించడం, మత్తు ఎక్కాక ఇంకెవరో వచ్చి కోయడం అక్కడ ఒక దందాగా నడిచింది. దానికి దెయ్యం సర్జరీ అని పేరు కూడా పడింది. 2016లో రాజధాని సియోల్‌లో దవడ ఆపరేషన్ చేయించుకున్న ఒక యువకుడు రక్తస్రావంతో చనిపోయాడు. అతని తల్లి ఆపరేషన్ గది సీసీటీవీ ఫుటేజీ సంపాదించి మళ్లీ మళ్లీ చూసింది. డాక్టర్ మధ్యలో వేరే గదులకు వెళ్లిపోవడం, నర్సింగ్ సహాయకులే రక్తాన్ని అదుపు చేయాలని చూడటం అందులో కనిపించింది. ఆమె ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ, పార్లమెంటు చుట్టూ తిరిగింది. డాక్టర్‌కు జైలు శిక్ష పడింది. ఆమె ఆ దేశస్థురాలు, ఆ భాష వచ్చు, ఏ ఆఫీసు గుమ్మం ఎక్కాలో తెలుసు. విదేశీ పేషెంట్‌లా తిరుగు టికెట్ తేదీ లేదు.

ఆమె పోరాటంతో వచ్చిన చట్టం 2023 సెప్టెంబరు 25 నుంచి అమల్లో ఉంది. స్పృహ లేని పేషెంట్‌కు ఆపరేషన్ చేసే గదిలో కెమెరా ఉండాలి. పేషెంటో, వాళ్లవాళ్లో ముందుగా అడిగితేనే రికార్డు చేస్తారు. తీసిన ఫుటేజీని ఆసుపత్రి కనీసం 30 రోజులు దాచాలి.