క్లిక్‌బైట్‌తోనే (ఊరించి క్లిక్ చేయించే హెడ్డింగులతోనే) సైట్లు నడుస్తాయా? అపోహలు – వాస్తవాలు

అపోహ: "షాకింగ్ హెడ్డింగ్ పెడితే డబ్బులే డబ్బులు."

వాస్తవం: తెలుగు వెబ్ డెస్క్‌లో ఏళ్లుగా పనిచేస్తున్నాను, లెక్క చూద్దాం. వెయ్యి పేజీ వ్యూస్‌కి యాడ్స్ మీద 40 రూపాయలు వస్తాయనుకోండి. "ఆ హీరోయిన్ చేసిన పని తెలిస్తే..." అనే వార్తకు లక్ష వ్యూస్ వచ్చినా చేతికొచ్చేది 4,000. తెల్లారేసరికి దాన్ని చదివేవాడు ఉండడు, కాబట్టి మళ్లీ ఇంకోటి, ఇంకోటి, ఒక్కో సబ్ ఎడిటర్ షిఫ్ట్‌లో పది పన్నెండు వార్తలు వండాలి, ఇక ఫోన్ చేసి నిజమో కాదో కనుక్కునే తీరిక ఎవరికి ఉంటుంది చెప్పండి! పైగా ఆ వ్యూస్ మన చేతిలో ఉండవు. 2013లో అమెరికాలో అప్‌వర్తీ అనే సైట్ ఇలాంటి హెడ్డింగులతోనే ఫేస్‌బుక్‌ను ఊపేసింది. ఫేస్‌బుక్ తన ఫీడ్‌లో ఎవరికి ఏ పోస్టు చూపాలో నిర్ణయించే పద్ధతి మార్చగానే దాని వ్యూస్ దారుణంగా పడిపోయాయి.

అపోహ: "మంచి స్టోరీలు రాస్తే యాడ్స్ వాటంతటవే వస్తాయి."

వాస్తవం: రావు. దీన్ని ఎక్కువగా నమ్మేది మా జర్నలిస్టులమే. రిపోర్టర్ భద్రాచలం ఏజెన్సీలో మూడు రోజులు తిరిగి పోడు పట్టాల మీద రాస్తే జీతం, బస్సు, లాడ్జి కలిపి 8,000 అయిందనుకుందాం. ఆ డబ్బు యాడ్స్‌తో రావాలంటే రెండు లక్షల వ్యూస్ కావాలి. అమెరికా న్యూస్ సైట్ బజ్‌ఫీడ్ న్యూస్‌కు 2021లో జర్నలిజంలో పెద్ద అవార్డు పులిట్జర్ వచ్చింది, అయినా 2023లో మూతపడింది.

అపోహ: "వార్తకు ఎవరు డబ్బు కడతారు?"

వాస్తవం: పేపర్ బిల్లు నెలనెలా కడుతూనే ఉన్నాం కదా. న్యూయార్క్ టైమ్స్ 2011లో ఆన్‌లైన్ చందా మొదలుపెడితే 2023కల్లా ప్రింట్ పేపర్‌తో కలిపి చందాదారులు కోటి దాటారు. అది ఇంగ్లిష్, వాళ్ల సంగతి వేరు అంటారా? మన దేశంలో న్యూస్‌లాండ్రీ అనే న్యూస్ సైట్ ప్రధానంగా పాఠకుల చందాలతోనే నడుస్తోంది. తెలుగులో మనం గట్టిగా అడిగిందెప్పుడు?

అపోహ: "జనానికి చెత్తే కావాలి."

వాస్తవం: 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు మా డెస్క్‌కు వచ్చిన ఫోన్లన్నీ సింగ్‌నగర్‌లో నీళ్లు తగ్గాయా, పడవలు ఎక్కడిదాకా వెళ్తున్నాయి అనే. ఆ వారమంతా జనం మా సైట్ పేరు టైప్ చేసుకుని మరీ వచ్చారు. చందా అడగాల్సింది ఇలాంటివాళ్లనే. వాళ్లలో వెయ్యి మంది నెలకు 50 రూపాయలు కట్టినా 50,000 అవుతుంది, పైన చెప్పిన పోడు పట్టాల లాంటి స్టోరీలు నెలకు ఆరు చేయొచ్చు.