క్లౌడ్‌కి మారితే సైట్ పరుగెత్తుతుందా? హోస్టింగ్ మీద అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో లాడ్జి, చీమకుర్తిలో గ్రానైట్ యూనిట్, ఉదయగిరి చెక్క గరిటెలు ఆన్‌లైన్‌లో అమ్మే కొట్టు... కొత్తగా సైట్ పెట్టేవాళ్లు "మామూలు హోస్టింగా (సైట్ ఫైళ్లు ఉంచడానికి సర్వర్‌లో అద్దెకు తీసుకునే చోటు), క్లౌడా?" అని అడుగుతారు గానీ, క్లౌడే గొప్పదని అప్పటికే తేల్చుకుని ఉంటారు. అసలు తేడా మెషీన్‌లో కన్నా, ఆ మెషీన్‌ని ఎవరు కనిపెట్టుకుని ఉండాలన్న దగ్గర ఎక్కువ.

అపోహ: క్లౌడ్‌కి సర్వర్ ఉండదు.

ఉంటుంది. అమెజాన్ క్లౌడ్ సర్వర్లు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నుంచి నడుస్తున్నాయి. మామూలు హోస్టింగ్ అంటే షేర్డ్ హోస్టింగ్, అందులో ఒకే మెషీన్ మీద వందల సైట్లుంటాయి. అపార్ట్‌మెంటు ట్యాంకు లాంటిదన్నమాట, పై ఫ్లాటు వాళ్లు పంపు విప్పి వదిలేస్తే మీ ధార సన్నబడుతుంది. మీ వాటా మీరు దాటితే చాలాచోట్ల 508 ఎర్రర్ వస్తుంది. క్లౌడ్‌లో ఇంత ర్యామ్, ఇంత ప్రాసెసర్ అని వర్చువల్ మెషీన్ (పెద్ద సర్వర్‌లో మీకంటూ కేటాయించిన భాగం) విడిగా ఇస్తారు. చాలక పోతే పెద్దది చేసుకోవచ్చు. అయితే అన్నిటికన్నా చవక రకాల్లో ప్రాసెసర్ ఇక్కడా పంపకమే, ఆ మాట ప్లాన్ పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

అపోహ: క్లౌడ్‌కి మారితే వేగం దానంతట అదే వస్తుంది.

గ్రానైట్ సైట్లే చూడండి. ఫోన్‌తో తీసిన 5 ఎంబీ పలక ఫోటోలు ఇరవై హోమ్ పేజీలో పెడితే 100 ఎంబీ. ఏ సర్వర్ మీద పెట్టినా అది ఈడ్చుకుంటూనే తెరుచుకుంటుంది. వెడల్పు 1600 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మారిస్తే ఒక్కోటి సుమారు 200 కేబీకి దిగుతుంది, మొత్తం 4 ఎంబీ. హోస్టింగ్ మార్చే ముందు ఈ పని చెయ్యండి, డబ్బు ఖర్చు లేదు. కొనేవాళ్లు మన దేశంలో ఉంటే సర్వర్ ముంబైలోనో హైదరాబాద్‌లోనో పెట్టుకోండి. విదేశాల్లో ఉంటే సీడీఎన్ (సైట్ కాపీలను చూసేవాళ్లకు దగ్గరి సర్వర్ల నుంచి అందించే సేవ) తగిలించండి.

అపోహ: వాడినంతకే బిల్లు, ఆపేస్తే సున్నా.

ఇంటికి తాళం వేసినా కరెంటు బిల్లులో మినిమమ్ ఛార్జీ వచ్చినట్టే ఇదీ. అమెజాన్‌లో మెషీన్ ఆపితే దాని అద్దె ఆగుతుంది గానీ డిస్క్ అద్దె ఆగదు. 2024 ఫిబ్రవరి నుంచి పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకి (ఇంటర్నెట్‌లో మీ మెషీన్‌ని గుర్తించే నంబరు) గంటకి 0.005 డాలర్లు, నెలకి దాదాపు 3.6 డాలర్లు. మీ పేరున అట్టిపెట్టుకున్న అడ్రసైతే మెషీన్ ఆపినా ఈ మీటరు తిరుగుతూనే ఉంటుంది. బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి. కానీ అది మెయిల్ పంపుతుందే తప్ప ఖర్చుని ఆపదు. మొదటిసారి వాడేవాళ్లకు నెలకింత అని రేటు కట్టిన ప్లానే నయం.

అపోహ: రద్దీ పెరిగితే క్లౌడే సర్దుకుంటుంది.

రొట్టెల పండుగ రోజుల్లో నెల్లూరు లాడ్జి సైట్ మీద ఒక్కసారిగా జనం పడ్డారనుకోండి. 1 జీబీ ర్యామ్ మెషీన్‌లో వర్డ్‌ప్రెస్ (సైట్ నడిపే సాఫ్ట్‌వేర్), మైఎస్‌క్యూఎల్ (దాని డేటాబేస్) రెండూ ఉంటే ముందు ర్యామ్ నిండుతుంది. అప్పుడు మెషీన్‌ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ ఎక్కువ ర్యామ్ తింటున్న ప్రోగ్రామ్‌ని చంపేస్తుంది, సాధారణంగా అది మైఎస్‌క్యూఎలే. తెర మీద డేటాబేస్ కనెక్షన్ ఎర్రర్ కనిపిస్తుంది. మెషీన్ మాత్రం నడుస్తున్నట్టే చూపిస్తుంది, బిల్లూ పడుతుంది.

లెక్క వేసుకుంటే తెలిసిపోతుంది. వర్డ్‌ప్రెస్ పేజీలు తయారుచేసే పీహెచ్‌పీ ప్రాసెస్ ఒక్కోటి 60-80 ఎంబీ, మైఎస్‌క్యూఎల్ 300-400 ఎంబీ, మిగిలింది సిస్టమ్‌కి. కాబట్టి ప్రాసెస్‌లు ఐదుకి మించనివ్వకండి. 2 జీబీ స్వాప్ ఫైలు (ర్యామ్ నిండితే వాడుకునే డిస్క్ చోటు) పెట్టండి, పేజీ క్యాష్ (ఒకసారి తయారైన పేజీని దాచి మళ్లీ చూపించడం) ఆన్ చెయ్యండి. ఇంకా చాలదనిపిస్తే పండుగకి రెండ్రోజుల ముందే 2 జీబీకి పెంచండి. రీస్టార్ట్ అవుతుంది కాబట్టి రాత్రిపూట చెయ్యండి. ఆటో స్కేలింగ్ (రద్దీని బట్టి మెషీన్లు వాటంతటవే పెరగడం) అనేది లోడ్ బ్యాలెన్సర్ (వచ్చేవాళ్లను మెషీన్లకు పంచేది), విడి డేటాబేస్, ఫోటోలకు విడి స్టోరేజ్ పెట్టాకే పనికొస్తుంది. ముప్పై గదుల లాడ్జికి అంత హంగామా అక్కర్లేదు.

అపోహ: బ్యాకప్ క్లౌడ్ వాళ్లే చూసుకుంటారు.

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ క్లౌడ్ డేటా సెంటర్ తగలబడింది. వేరేచోట కాపీ లేని ఖాతాదారుల డేటా పోయింది. స్నాప్‌షాట్ (మెషీన్ డిస్క్ మొత్తానికీ కాపీ) మీరు ఆన్ చేస్తేనే ఉంటుంది. వారానికో కాపీ వేరే కంపెనీ స్టోరేజ్‌లో పడెయ్యండి, నెలకోసారి దాన్ని తిరిగి ఎక్కించి చూడండి.

అపోహ: షేర్డ్ హోస్టింగ్ పాతబడిపోయింది.

పది పేజీల బడి సైట్‌కో, కొట్టు సైట్‌కో అది చాలు. సర్వర్ అప్‌డేట్లు వాళ్లే వేస్తారు, మెయిల్ కూడా చాలా ప్లాన్లలో వస్తుంది. మొదటి ఏడాది రేటు చూసి మురిసిపోకుండా రెన్యువల్ రేటు చూడండి.

అపోహ: మారడమంటే ఫైళ్లు కాపీ చెయ్యడమే.

ఎక్కువగా తెగేది మెయిల్. పాత హోస్టింగ్‌లోనే మెయిల్ ఉంటే నేమ్‌సర్వర్లు (మీ డొమైన్ పేరు ఏ అడ్రసుకి వెళ్లాలో చెప్పే పట్టిక ఉండే సర్వర్లు) మార్చకండి. ముందు రోజు టీటీఎల్ (పాత అడ్రసుని ఇంటర్నెట్ గుర్తుంచుకునే సమయం) 300 సెకన్లకు తగ్గించి, ఆ పట్టికలో సైట్ అడ్రసు చెప్పే 'A' రికార్డు మాత్రమే కొత్త ఐపీకి తిప్పండి. మెయిల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు మామూలుగా ముట్టుకోవద్దు. అది సైట్ డొమైన్ పేరునే చూపిస్తుంటే మాత్రం, ముందుగా మెయిల్ కోసం వేరే పేరు పెట్టి పాత ఐపీకి కట్టి, ఎంఎక్స్‌ని ఆ పేరుకి తిప్పండి. లేదంటే సైట్ చక్కగా తెరుచుకుంటూనే ఉంటుంది, ఆర్డర్ మెయిళ్లు రావడం లేదని నాలుగు రోజుల దాకా ఎవరూ గమనించరు. పాత ప్లాన్ రద్దు చేసే ముందు మెయిల్‌బాక్సులు దింపుకోండి, ప్లాన్‌తోపాటు అవీ పోతాయి.