మీ అభిమాన గాయని ఆ పాట ఎందుకు పాడదు? కొన్ని అపోహలు, వాస్తవాలు

పన్నెండేళ్లుగా డబ్లిన్‌లో పియానో వాయిస్తున్నాను, ఎక్కువగా పాడేవాళ్ల పక్కన. అందులో ఏడేళ్లు ఒకే గాయనితో. ఆవిడ సొప్రానో, అంటే ఆడగొంతుల్లో అన్నిటికంటే పై స్థాయిది. కచేరీ మొదటి సగంలో ఒపెరా ఆరియాలు (పాటలతో నడిచే పాశ్చాత్య నాటకాల్లో ఒక్కరే పాడే పాటలు), రెండో సగంలో ఐరిష్, స్కాటిష్ పాటలు పాడుతుంది. విరామంలో హాలు గుమ్మం దగ్గర ఒక అట్టపెట్టె పెడతాం, ఎవరికి ఏ పాట వినాలనుంటే అది చీటీ మీద రాసి వేస్తారు. ఆ చీటీలన్నీ ఇంటికి తెచ్చి, ఏది కుదురుతుందో ఏది కుదరదో విడదీసే పని నాది. ప్రేమగా అడుగుతారు, అడిగిన పాట రాకపోతే నొచ్చుకుంటారు. "మేం అడిగితే లెక్కలేదు" అని మళ్లీ చీటీ రాసినవాళ్లూ ఉన్నారు, అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు, ఎందుకంటే ఒక్క చీటీ కూడా వదలకుండా ఆవిడ చదువుతుందని నాకు తెలుసు. ఈ పాటలంటే ప్రాణం పెట్టే తెలుగు స్నేహితులు కూడా నన్ను ఇవే అడుగుతుంటారు, అందుకని అన్నీ ఒకచోట రాస్తున్నాను.

అపోహ: పై స్వరం అందుతోంది కదా, ఇంక ఏ పాటైనా పాడేయొచ్చు.

వాస్తవం: చీటీల్లో సగం ఈ నమ్మకం మీద రాసినవే. పాటలో అన్నిటికంటే పైనున్న స్వరం ఏదన్నది కాదు మేం ముందు చూసేది, పాట ఎక్కువసేపు ఎక్కడ కాపురం ఉంటుందన్నది చూస్తాం. దీనికి అందరూ ఉదాహరణగా చెప్పేది కార్ల్ ఓర్ఫ్ గాయకబృందానికీ ఆర్కెస్ట్రాకీ రాసిన 'కార్మినా బురానా', 1937లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదటిసారి ప్రదర్శించారు. అందులో 'ఇన్ ట్రూటినా' అనే చిన్న పాట సొప్రానోకి కింద, మధ్య స్వరాల్లోనే నెమ్మదిగా నడుస్తుంది. న్యూజిలాండ్ గాయని హేలీ వెస్టెన్రా 2003లో 'ప్యూర్' ఆల్బమ్‌లో పాడింది, అప్పటికి ఆమెకి ఇంకా 20 ఏళ్లు కూడా లేవు. అదే రచనలో, మధ్యలో ఒక్క పాట దాటాక, 'డుల్చిస్సిమే' వస్తుంది. పట్టుమని నిమిషం కూడా ఉండదు, కానీ సొప్రానోని నేరుగా పై డి దాకా (పాశ్చాత్య స్వరాల పేర్లు ఎ నుంచి జి వరకు) ఎక్కిస్తుంది. రెండూ ఒకే గాయని పాడాలని రాసిందే, అయినా మొదటిది హాయిగా పాడే గొంతు రెండోదానికి వచ్చేసరికి గట్టిపడిపోవచ్చు. "అది పాడారు, ఇది పాడరేం?" అని చీటీ వస్తుంది. అడగాల్సిన ప్రశ్నే, కాకపోతే జవాబు గొంతులో ఉంది, మనసులో కాదు.

'డానీ బాయ్' ఇంకా మంచి ఉదాహరణ, పైగా మన స్వరాల్లో చెప్పుకోవచ్చు. అది శంకరాభరణం స్వరాల్లో నడుస్తుందనుకోండి. మొదటి పాదంలోనే మంద్ర స్థాయి ధైవతం దాకా దిగుతుంది. చివరికొచ్చేసరికి పంచమం నుంచి ఒక్క అంగలో తార స్థాయి గాంధారానికి ఎగరాలి. వినేవాళ్లకి ఆ ఎగురుడే గుర్తుంటుంది. పాడేవాళ్లకి టెన్షన్ మాత్రం మొదటి పాదంలోనే, ఆ ధైవతం హాల్లో చివరి వరుసకి వినిపిస్తుందా లేదా అని. శ్రుతి తగ్గిస్తే పైన సుఖం, కింద గొంతు గాలైపోతుంది. పెంచితే కింద నిండుగా ఉంటుంది, పైన అరుపవుతుంది. మా గాయనికి అది ఎఫ్ శ్రుతిలో సరిపోతుందని తేలడానికి మేం నాలుగు శ్రుతుల్లో పాడి చూశాం, ఒక్కో దానికి ఒక్కో రోజు, ఎందుకంటే ఒకే పూట నాలుగుసార్లు పాడితే నాలుగోసారి వినిపించేది అలసటే.

అపోహ: శ్రుతి మార్చుకుంటే అయిపోయే పనికి ఇంత రాద్ధాంతమా?

వాస్తవం: మన సంగీతంలో ఇది నిజంగానే సులువు. ఐదున్నర శ్రుతి అంటే తంబూరా ఐదున్నరకి, వయొలిన్ కూడా దానికి. నేను విజయవాడలో అమ్మ దగ్గర నేర్చుకున్నప్పుడు అసలిదో సమస్యని తెలియదు. ఇక్కడ ఒపెరా ఆరియా అయితే అరవై మంది ఆర్కెస్ట్రా ముందు ఒక శ్రుతిలో అచ్చేసిన కాగితాలుంటాయి. జానపదంలో వాద్యాలే అడ్డం. ఇలన్ పైప్స్ తెలుసు కదా, నోటితో ఊదకుండా మోచేతి కింద తిత్తి నొక్కి వాయించేది, ఐరిష్‌లో ఆ పేరుకి అర్థం కూడా మోచెయ్యే. కచేరీల్లో వాడే సెట్ మామూలుగా డి శ్రుతిలో ఉంటుంది, టిన్ విజిల్ కూడా ఎక్కువగా డి. అంటే "పైప్స్‌తో డానీ బాయ్ వినాలనుంది" అని చీటీ వస్తే, పైప్స్ కోసం పాటని ఎఫ్ నుంచి డికి దించాలి, అప్పుడు మొదటి పాదంలో ఆవిడ బి దాకా దిగాలి, ఆ స్వరం ఆవిడ దగ్గర గుసగుసలా తప్ప రాదు. చివరికి మేం చేసిందేమిటంటే, పైప్స్ ఒక్కటే ముందు డిలో చరణం మొత్తం వాయిస్తుంది, ఆగుతుంది, నేను పియానో మీద నాలుగు కార్డుల్లో (కార్డ్ అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం) ఎఫ్‌కి తీసుకెళతాను, ఆవిడ అందుకుంటుంది. ఆ నాలుగు కార్డుల కోసం రెండు వారాలు కుస్తీ పట్టాను.

అపోహ: ఇవన్నీ వందల ఏళ్ల నాటి ఐరిష్ పాటలు.

వాస్తవం: కొన్ని. 'డానీ బాయ్' రాగం 1855లో జార్జ్ పెట్రీ పుస్తకంలో అచ్చయింది, లిమవాడీ ఊరి జేన్ రాస్ సేకరించి ఇచ్చింది. మాటలు రాసింది మాత్రం ఫ్రెడరిక్ వెదర్లీ అనే ఇంగ్లీషు లాయరు, పాట వచ్చింది 1913లో. 'యూ రైజ్ మీ అప్' రాగం నార్వేకి చెందిన రోల్ఫ్ లవ్‌లాండ్‌ది, మాటలు ఐర్లండ్‌కి చెందిన బ్రెండన్ గ్రాహమ్‌వి, ఈ శతాబ్దపు పాటే. 'కాలెడోనియా' స్కాట్లండ్‌ది, డూగీ మక్లీన్ 1970ల్లో రాసుకున్నాడు. ఇవి తెలిసి పాట మీద ప్రేమ తగ్గిపోనక్కర్లేదు, నాకైతే పెరిగింది.

అపోహ: పాతపాటకి హక్కులేమిటి, రికార్డు చేసేసి పెట్టేయొచ్చుగా.

వాస్తవం: రాగం పాతదైనా మాటలు కొత్తవి కావచ్చు. 'షీ మూవ్డ్ త్రూ ద ఫెయిర్' చూడండి (హరికాంభోజి స్వరాల్లో ఉంటుంది, మొదటిసారి విన్నప్పుడు నా చెవి తంబూరా కోసం వెతుక్కుంది). హెర్బర్ట్ హ్యూజ్ దాన్ని 1909లో పాడ్రిక్ కోలమ్ మాటలతో అచ్చేశాడు. కోలమ్ చనిపోయింది 1972లో. యూరప్‌లో రచయిత పోయాక 70 ఏళ్లు హక్కు ఉంటుంది, అంటే ఆ మాటలకి 2042 చివరిదాకా. వెదర్లీ 1929లోనే పోయాడు కాబట్టి 'డానీ బాయ్'కి ఆ బాధ లేదు. వేదిక మీద పాడటం పెద్ద చిక్కు కాదు, హాలువాళ్లు తీసుకునే లైసెన్సులో అది వచ్చేస్తుంది. రికార్డు చేయాలంటే వేరే అనుమతి, అనువాదానికి ఇంకోటి. "యూ రైజ్ మీ అప్‌ని తెలుగులో పాడించండి" అని ఒక స్నేహితుడు మూడేళ్లుగా అడుగుతున్నాడు. కోరిక నాకూ ఉంది. హక్కుదారులు ఒప్పుకోకుండా ఒక్క పాదం కూడా మార్చలేం.

అపోహ: భాష రాకపోతేనేం, తెలుగులో రాసుకుని పాడేయొచ్చు.

వాస్తవం: ఐరిష్ అక్షరాలకి వాటి లెక్క వాటికుంది. పక్కన ఇ, ఎ అచ్చులుంటే స కాస్తా ష అవుతుంది, అందుకే సీన్ అని రాసినట్టు కనపడే పేరు షాన్ అవుతుంది. బి పక్కన హెచ్ చేరితే వ. 'షూల్ ఎ రూన్' చరణాలు ఇంగ్లీషులో, పల్లవి ఐరిష్‌లో ఉంటుంది, కాబట్టి అందరూ పల్లవిని గబగబా దాటేస్తారు. మా గాయని ఇంగ్లీషు మాట్లాడే ఇంట్లో పెరిగింది, బళ్లో నేర్చుకున్న ఐరిష్ సరిపోదని ఐరిష్ ఇంకా ఇళ్లలో మాట్లాడే పడమటి ప్రాంతం కానమారా నుంచి వచ్చిన ఒక టీచరమ్మ దగ్గర కూర్చుంది. నేను పియానో మూసేసి వింటున్నాను. ఆ టీచరమ్మ ఒకే మాటని పదిసార్లు అనిపించింది, నాలుక పళ్లకి తగలాలి, పైకి వెళ్లకూడదు అని వేలితో తన పంటి మీద తట్టి చూపిస్తూ. నాకు అప్పుడు తెలిసింది, వాళ్ల బరువైన ట, డ మన త, ద లాంటివని. నేను అని చూపిస్తే టీచరమ్మ నా వైపు తిరిగి "అదే, అదే" అంది. ఆ పూట గాయనికి త ఎలా అనాలో నేర్పింది నేను. ఇంకో మాట, స్కాట్లండ్ గేలిక్ వేరే భాష, ఐరిష్ వస్తే అదీ వచ్చేసినట్టు కాదు.

అపోహ: అడిగిన రోజే పాడితేనే అభిమానం ఉన్నట్టు.

వాస్తవం: ఒక కొత్త పాట వేదిక ఎక్కడానికి మాకు రెండు నెలలు పడుతుంది. అంతే.

అపోహ: సెల్టిక్ అంటే ఆర్కెస్ట్రా, వీణలాంటి హార్ప్, పొగమంచు, గొంతు వెనక గుహలో ఉన్నట్టు ప్రతిధ్వని.

వాస్తవం: అది 2004లో డబ్లిన్ హీలిక్స్ థియేటర్‌లో మొదలైన సెల్టిక్ వుమన్ లాంటి ప్రదర్శనలతో లోకమంతా తెలిసిన ధ్వని. నాకూ ఇష్టమే, ఆ బృందంలో గొప్ప గొంతులున్నాయి. కానీ ఇక్కడి అసలు పాత పద్ధతి షాన్ నోస్, ఆ మాటకి అర్థం కూడా పాత పద్ధతి అనే. ఒక్కరే పాడతారు, వాద్యం ఉండదు, లయ మాటల వెంట నడుస్తుంది, ప్రతి చరణంలో గమకాలు మారుతుంటాయి. మనం సంగతులు వేసినట్టే. పాడేవాళ్ల చెయ్యి పక్కనున్నవాళ్లు పట్టుకుని పాటతో పాటు మెల్లగా తిప్పడం కూడా ఉంది.

పోయిన చలికాలం పెట్టెలో ఒక చీటీ దొరికింది. వణికే చేత్తో రాసింది, పాట పేరు లేదు. "మా అమ్మ వంటింట్లో పాడేది, నాకు పల్లవిలో రెండు మాటలే గుర్తున్నాయి, పియానో వద్దు" అని ఉంది. ఆ రెండు మాటలు టీచరమ్మకి చూపిస్తే పాట పోల్చుకుంది, మూడు చరణాలూ చెప్పింది. పైన తార స్వరం ఒక్కటి కూడా లేదు, మొత్తం ఐదు స్వరాల మధ్యే తిరుగుతుంది, మా గాయని గొంతుకి కొలిచి కుట్టినట్టుంది. తర్వాతి కచేరీలో మైక్ ఆపించి, వేదిక అంచుదాకా నడిచొచ్చి పాడింది. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మూడో వరుసలో ఒక ముసలాయన కుడిచెయ్యి, ఎవరూ పట్టుకోకుండానే, గాల్లో మెల్లగా తిరుగుతోంది.