అమ్మయితే అన్నీ వదులుకోవాల్సిందేనా? ఓపీలో రోజూ వినే అపోహలు

“పిల్లాడు బానే ఉన్నాడండి డాక్టరు గారూ. ఈవిడే ఎందుకో అదోలా ఉంటోంది.”

కోనసీమలో మానసిక వైద్యురాలిగా నా దగ్గరికొచ్చే బాలింతల్లో చాలామంది కథ ఈ రెండు ముక్కలతోనే మొదలవుతుంది. చెప్పేది అత్తగారు కావచ్చు, కన్నతల్లి కావచ్చు, సెలవు పెట్టి వచ్చిన భర్త కావచ్చు. పక్కన కూర్చున్న అమ్మాయి మాత్రం నోరు విప్పదు. పిల్లాడి బరువెంతో, ఏ టీకాలు పడ్డాయో, రాత్రి ఎన్నిసార్లు లేచాడో ఇంటిల్లిపాదికీ తెలుసు. ఈ అమ్మాయి పొద్దున్నుంచి ఏం తింది అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

వీళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. మనవడు పుట్టాడని వీధంతా స్వీట్లు పంచినవాళ్లే, ఎండలో రెండు బస్సులు మారి ఆ అమ్మాయిని నా దగ్గరికి తీసుకొచ్చినవాళ్లే. వాళ్ల బుర్రలో ఒక అపోహ ఉంది, అంతే. అదే అపోహ ఆ అమ్మాయి బుర్రలోనూ ఉంది. చిక్కంతా అక్కడే.

అపోహ: తల్లి అయ్యాక తనకంటూ ఏదైనా కావాలనుకోవడం స్వార్థం. మంచి తల్లి అన్నీ వదిలేస్తుంది.

మిగతావి ఎలా ఉన్నా, మా దగ్గర ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఎలా చేస్తుందో చెప్తాను. డిప్రెషన్‌ని గుర్తుపట్టడానికి మేం ముందుగా చూసేవి రెండు. ఒకటి, రోజులో ఎక్కువసేపు మనసు బరువుగా ఉండటం. రెండోది, ఇంతకుముందు ఇష్టంగా చేసిన పనుల మీద ఆసక్తి పోవడం. ఇప్పుడు మన ఇళ్లలో ఏం జరుగుతుందో చూడండి. బాలింత టీవీ చూడటం మానేసింది, స్నేహితులకి ఫోన్ చేయడం మానేసింది, తల దువ్వుకోవడం మానేసింది. “మా కోడలికి పిల్లే లోకం అండి, ఇంకేదీ పట్టదు” అని మురిసిపోతారు. జబ్బు తాలూకు రెండో లక్షణం కళ్లెదుటే ఉంటే దాన్ని త్యాగం అని మెచ్చుకుంటున్నాం. అలా మెప్పు పొందిన అమ్మాయి ‘నాకు బాగోలేదు’ అని ఎలా చెప్పుకుంటుంది?

డెలివరీ తర్వాత డిప్రెషన్‌ని పసిగట్టడానికి పది ప్రశ్నల పట్టిక ఒకటి వాడతాం. ఎడిన్‌బరో స్కేల్ అంటారు, 1987లో వచ్చింది. ఈమధ్య నవ్వగలుగుతున్నారా, రేపు ఏదో మంచి జరుగుతుందని ఎదురుచూడగలుగుతున్నారా, తప్పంతా మీదేనని అనిపిస్తోందా... ఇలా సాగుతుంది. పది ప్రశ్నల్లో ఒక్కటి కూడా పిల్ల గురించి ఉండదు. అన్నీ ఆవిడ గురించే. ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్నలవి. పట్టిక నింపుతూ మొదటి ప్రశ్న దగ్గరే ఏడ్చేసినవాళ్లని చాలామందిని చూశాను.

ఇదేదో పట్నం ఆడవాళ్ల ముచ్చట అనుకోవద్దు. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన సమీక్ష ఒకటి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. కాన్పయిన తల్లుల్లో సుమారు 22 శాతం మందికి ఈ డిప్రెషన్ ఉందని అందులో తేలింది. అయిదుగురిలో ఒకరి కంటే కాస్త ఎక్కువే. మీ వీధిలో ఈ ఏడాది బారసాలలు ఎన్ని జరిగాయో మీరే లెక్కేసుకోండి.

నరసాపురం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి గురించి చెప్పాలి. ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. పెళ్లికి ముందు నుంచీ లేసు అల్లేది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కూలి తక్కువ, మెడ పట్టేస్తుంది, లాభం మధ్యవాళ్లకి పోతుంది. అవన్నీ నిజమే. అయినా చేతిలో సూది ఆడుతుంటే నలుగురితో కబుర్లాడుకుంటూ అరుగు మీద కూర్చునే ఆ సాయంత్రాలు ఆమెవి, వచ్చే నాలుగు డబ్బులూ ఆమెవి.

కాన్పయ్యాక సూది పిల్లకి గుచ్చుకుంటుందని, బాలింత కళ్లు పాడవుతాయని అత్తగారన్నారు. “నేనే తీసి ఇచ్చేశానండి, బీరువా మీద పెట్టేశారు” అంది ఆ అమ్మాయి. ఆ మాటలో కోపం లేదు. నా దగ్గరికొచ్చేటప్పటికి పిల్లకి నాలుగో నెల. పిల్ల పడుకున్నా తల్లికి కన్ను మూతపడటం లేదు, అన్నం రెండు ముద్దలకి మించి దిగడం లేదు, హిమోగ్లోబిన్ ఎనిమిది. “పిల్లకి నాకంటే మంచి అమ్మ దొరికి ఉంటే బావుండేదండి” అంది, నేల చూపులు చూస్తూ.

మాత్ర రాశాను, ఐరన్ రాశాను. మూడో లైన్లో ‘రోజూ పదకొండు నుంచి పన్నెండు దాకా లేసు. ఆ గంట పిల్ల నాయనమ్మ దగ్గర’ అని రాశాను. అత్తగారు చీటీ పట్టుకుని నన్నూ, చీటీనీ మార్చి మార్చి చూశారు. “మందు రాయమంటే లేసు రాశారేంటండీ?”

“ఇదీ మందేనండి. పూట తప్పించకూడదు” అన్నాను.

తర్వాతిసారి వచ్చినప్పుడు ఆ అమ్మాయి ప్లాస్టిక్ కవర్లోంచి అరచేతి వెడల్పున గుండ్రటి ముక్క ఒకటి తీసి నా బల్ల మీద పరిచింది. నడిమి వరసలు వదులుగా, పైకి లేచిపోయి ఉన్నాయి. “ఇక్కడిదాకా చెయ్యి కుదరలేదండి. ఈ వరస నుంచి బిగువు వచ్చింది” అని వేలు పెట్టి చూపించింది. తన గురించి తనంతట తాను నాతో చెప్పిన మొదటి మాట అదే. అత్తగారు అందుకుని, “మీరు గంటన్నారు, గంటంబావు అవుతోందండి” అని ఫిర్యాదు చేశారు. పిల్ల మాత్రం ఆవిడ భుజం మీద హాయిగా నిద్రపోతోంది.

లేసు వల్లే జబ్బు తగ్గిందని నేననను. మాత్ర పనిచేసింది, ఐరన్ పనిచేసింది. అయితే వదిలేసిన ఇష్టమైన పనిని టైం పెట్టి మళ్లీ చేయించడం మా వైద్యంలో గట్టి భాగమే, బిహేవియరల్ యాక్టివేషన్ అంటాం. ‘మూడ్ వచ్చాక చేస్తాను’ అంటే ఆ మూడ్ రాదు. ముందు చేయి కదలాలి, మనసు వెనక వస్తుంది. పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గర పల్లెల్లో మన ఆశా కార్యకర్తల్లాంటి ఆరోగ్య కార్యకర్తలకి శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి ఇలాంటి వైద్యమే చేయించారు. 2008లో ఫలితాలు వచ్చాయి. ఆర్నెల్లకి ఈ సాయం అందని తల్లుల్లో 53 శాతం ఇంకా డిప్రెషన్‌లోనే ఉంటే, అందినవాళ్లలో 23 శాతమే ఉన్నారు. అక్కడ కూడా పాఠం తల్లి తిండి, విశ్రాంతితోనే మొదలవుతుంది, పిల్ల సంగతి ఆ తర్వాత.

కాబట్టి తనకంటూ ఒక గంట కావాలంటే బ్యూటీ పార్లరో, ఊటీయో అనుకుని కంగారు పడకండి. కాలవ గట్టున నడక కావచ్చు, చర్చిలో పాటల ప్రాక్టీసు కావచ్చు, డీఎస్సీ పుస్తకాలు కావచ్చు, తలుపేసుకుని పడుకోవడం కావచ్చు. కాకపోతే ఆ గంట రోజూ ఒకే వేళకి ఉండాలి, పిల్లని ఎవరు చూస్తారో ముందే తేలాలి. ‘తీరిక దొరికితే’ అన్నారో, అది ఎప్పటికీ దొరకదు.

ఇక ఇంకో మాట. వింటే నాకు సర్రున కోపం వచ్చే మాట: “మా రోజుల్లో పదిమందిని కన్నాం, మాకు ఇవన్నీ ఉన్నాయా?”

ఉన్నాయండి. గాలి సోకిందన్నారు, దిష్టి అన్నారు, ‘కాన్పు పడలేదు’ అన్నారు. బావిలో దూకిన బాలింత కథ లేని ఊరు చూపించండి. మా అమ్మమ్మ ఏడుగురిని పెంచింది. మధ్యాహ్నం వంటిల్లు కడుక్కున్నాక వారపత్రిక పట్టుకుని వీధరుగు మీద కూర్చునేది. సీరియల్ అయ్యేదాకా ఏ పిల్ల ఏడ్చినా ఆవిడ లేచేది కాదు. లేవాల్సిన పని లేదు, ఎత్తుకోవడానికి తోడికోడలు ఉండేది, పెద్దత్త ఉండేది, పదేళ్ల మా పెద్ద పిన్ని ఉండేది. ఇప్పటి పిల్లకి ఎవరున్నారు? మొగుడు కువైట్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటాడు, అత్తగారికి మోకాళ్ల నొప్పులు. అప్పటి పని నలుగురు పంచుకున్నారు, ఇప్పుడు ఒక్కతే చేస్తోంది. మగవాళ్ల సాయమంటారా, 2024 టైం యూజ్ సర్వే చూడండి. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు పెడితే, ఆ పని చేసే మగవాళ్లు పెట్టేది 88.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

పాలిచ్చే తల్లి మనసు మందులు వాడకూడదు, వాడితే పాలు మాన్పించాలి. తప్పు. సెర్ట్రాలిన్ లాంటి డిప్రెషన్ మందులు పాలలోకి వెళ్లేది చాలా తక్కువ, పాలిస్తూనే వాడిస్తాం. లిథియం లాంటి కొన్నిటికి జాగ్రత్త కావాలి, అది డాక్టరు చూసుకుంటారు. డిప్రెషన్ మందుల గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, తగ్గాక కూడా కనీసం ఆర్నెల్లు కొనసాగించాలి. వీటికి అలవాటు పడిపోతారన్నది పుకారు. నిజంగా అలవాటయ్యేవి మందుల షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలు. వాటికి మాత్రం ఎవరూ భయపడరు!

కాన్పయిన మూడో రోజు ఏడిస్తే డిప్రెషనే. కాదు, టెన్షన్ పడకండి. మూడు నుంచి అయిదో రోజు మధ్య ఊరికే ఏడుపు రావడం, చిరాకు చాలామందికి ఉంటాయి, రెండు వారాల్లో వాటంతటవే సర్దుకుంటాయి. రెండు వారాలు దాటినా అలాగే ఉంటే రండి.

పథ్యం. సాంబ్రాణి పొగ, చెవుల్లో దూది, తలకి గుడ్డ మీ ఇష్టం. నీళ్లు తగ్గించడం, కూరలు మాన్పించడం మాత్రం వద్దు. పాలిచ్చే మనిషికి దాహం ఎక్కువ. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో చెప్పింది. డెలివరీ తర్వాత 180 రోజులు ఐరన్ మాత్రలు వేసుకోవాలి, ఆశా కార్యకర్తని అడిగితే ఇస్తారు. నీరసం, దిగులు ఉంటే థైరాయిడ్ కూడా చూపించాలి, కాన్పు తర్వాత అది తేడా చేయడం మామూలే.

ఉద్యోగానికి వెళ్లే తల్లి పిల్లలు పాడైపోతారు. మన డెల్టాలో నాట్లేసిన తల్లులూ, కొబ్బరి పీచు తీసిన తల్లులూ, రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్లే తల్లులూ పిల్లల్ని పెంచలేదా? టీచరమ్మ ఉద్యోగం దగ్గరికొచ్చేసరికే ఈ అనుమానం ఎందుకు వస్తుందో మరి. 26 వారాల ప్రసూతి సెలవు 2017 సవరణతో చట్టంలోకి వచ్చింది, రాజీనామా చేసేముందు దాని సంగతి అడగండి.

పిల్ల పెద్దదైతే తల్లి తేరుకుంటుంది. అన్నిసార్లూ కాదు. ఇంటర్ చదివే పిల్లాడి కోసం విజయవాడలో గది అద్దెకి తీసుకుని, రెండేళ్లు క్యారేజీలు కట్టే తల్లులు నాకు బాగా తెలుసు. ఇల్లు, మొగుడు, ఊరు, పేరంటాలు అన్నీ వదిలి వెళ్తారు. పిల్లాడికి ర్యాంకు రాకపోతే ఇద్దరూ ఓపీకి వస్తారు. “మా అమ్మ జీవితం నా వల్ల పోయిందండి” అని ఏడ్చే పదిహేడేళ్ల పిల్లాడికి ఏ మాత్ర రాయాలి? ఆ తల్లులకి నేను చెప్పేది ఒకటే. వెళ్లాల్సి వస్తే వెళ్లండి. అక్కడ కూడా మీదంటూ ఒక పని పెట్టుకోండి, అది మీవాడికి కనపడాలి.

ఒక్క విషయంలో మాత్రం ఆగకూడదు. కాన్పయిన మొదటి రెండు మూడు వారాల్లో బాలింత రాత్రుళ్లు అసలు పడుకోకుండా, పొంతన లేకుండా మాట్లాడుతూ, ‘పిల్లని మార్చేశారు’, ‘ఎవరో చంపడానికి వస్తున్నారు’ అంటుంటే అది డిప్రెషన్ కాదు, ప్రసవానంతర సైకోసిస్. వెయ్యిమందిలో ఒకరిద్దరికి వస్తుంది. తల్లికీ పిల్లకీ ఇద్దరికీ ప్రాణాపాయం. తాయెత్తు, అంత్రం తర్వాత చూసుకోండి. ఆ రాత్రే కాకినాడ ప్రభుత్వ పెద్దాసుపత్రికో (జీజీహెచ్), దగ్గర్లో మానసిక వైద్యులున్న ఆసుపత్రికో తీసుకెళ్లండి. ఒంటరిగా వదలొద్దు. చికిత్స చేస్తే బాగా కోలుకునే జబ్బు ఇది. ఎవరికైనా చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే తెల్లారేదాకా ఆగక్కర్లేదు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళప్పుడైనా చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు.

మా దగ్గరికి రావాలంటే డెలివరీ కాగితాలు, ఉంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్ రిపోర్టులు తెచ్చుకోండి. పిల్లని ఇంట్లో వదిలి రానక్కర్లేదు, పాలివ్వడానికి లోపల గది ఉంది. పిల్లని ఎత్తుకోవడానికి ఒకరు తోడు రండి. వచ్చినవాళ్లని కాసేపు బయట కూర్చోమంటాను, ఏమీ అనుకోకండి. పిల్లని మీ చేతికిచ్చి ఆవిడతో విడిగా మాట్లాడాలి.