గ్రాము మట్టిలో ఎన్ని గజాలు? వాయు అధిశోషణంపై అపోహలు, వాస్తవాలు

బంకమట్టి, జియోలైట్ (అణువులు పట్టేంత సన్నని రంధ్రాలతో నిండిన అల్యూమినోసిలికేట్ ఖనిజం) నమూనాలను కొలిచే ప్రయోగశాలలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. పరిశోధక విద్యార్థులు చిన్న సీసాలో పొడి తెచ్చి, దాని ఉపరితల వైశాల్యం ఎంతో ఒక్క అంకెలో చెప్పమంటారు. ఆ అంకె ఏ వాయువుతో, ఏ ఉష్ణోగ్రత వద్ద, నమూనాను ఎంత వేడిమిలో ఆరబెట్టిన తరువాత వచ్చిందని అడిగేవారు తక్కువ. వాయువు అణువులు ఘనపదార్థంలో కరిగిపోకుండా దాని ఉపరితలానికి, రంధ్రాల గోడలకు అంటుకొని నిలవడాన్ని అధిశోషణం అంటాం. అంటుకొనే అణువు మారితే జవాబు కూడా మారుతుంది. నా దృష్టికి తరచుగా వచ్చే అపోహల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క విషయాన్ని మరచిపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: ఉపరితల వైశాల్యం పదార్థానికి సాంద్రతలాగా ఒకే స్థిరమైన గుణం.

వాస్తవం: బ్రునౌర్, ఎమెట్, టెల్లర్ 1938లో ప్రతిపాదించిన బి.ఇ.టి. పద్ధతిలో, మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉపరితలంపై ఒక పొరగా పరుచుకోవడానికి ఎన్ని నైట్రోజన్ అణువులు పడతాయో లెక్కగట్టి, ఒక్కో అణువు 0.162 చదరపు నానోమీటర్ల చోటు ఆక్రమిస్తుందన్న అంచనాతో వైశాల్యం తేలుస్తాం. అంటే నైట్రోజన్ వెళ్లగలిగిన చోటే ఈ లెక్కలోకి వస్తుంది.

మన నల్లరేగడి నేలను తీసుకుందాం. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే ఆ గుణం స్మెక్టైట్ జాతి బంకఖనిజాల వల్ల వచ్చింది. వాటిలో ముఖ్యమైన మాంట్‌మొరిల్లనైట్ పలుచని సిలికేట్ పొరల దొంతర. పూర్తిగా ఆరినప్పుడు ఒక పొర అడుగు నుంచి పై పొర అడుగు వరకు దూరం సుమారు 10 ఆంగ్‌స్ట్రాములు (ఆంగ్‌స్ట్రాము అంటే నానోమీటరులో పదో వంతు) ఉంటుంది. పొరల మధ్య ఒక వరుస నీరు చేరితే అది సుమారు 12.5కు, రెండు వరుసలు చేరితే సుమారు 15కు పెరుగుతుంది. స్ఫటిక నిర్మాణాన్ని బట్టి ప్రతి పొర రెండు ముఖాలనూ లెక్కిస్తే గ్రాముకు సుమారు 750 చదరపు మీటర్లు వస్తుంది. ఇళ్ల స్థలాల భాషలో చెప్పాలంటే అది దాదాపు 900 గజాలు. అదే మట్టిని ఆరబెట్టి నైట్రోజన్‌తో కొలిస్తే సాధారణంగా గ్రాముకు కొన్ని పదుల చదరపు మీటర్లే కనిపిస్తాయి, ఎందుకంటే ఆరి దగ్గరపడిన పొరల మధ్యకు నైట్రోజన్ దాదాపుగా ప్రవేశించలేదు. నీరు, ఇథిలీన్ గ్లైకాల్ వంటి ధ్రువ అణువులు మాత్రం పొరలను విడదీసుకొని లోపలికి వెళతాయి. ఈ రెండు అంకెలలో ఏదీ తప్పు కాదు, అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

జియోలైట్ 4ఎ ఉదాహరణ ఇంకా స్పష్టంగా ఉంటుంది. దాని కిటికీ, అంటే రంధ్రంలోకి వెళ్లే ద్వారం, వెడల్పు సుమారు 4 ఆంగ్‌స్ట్రాములు, నైట్రోజన్ అణువు గతిజ వ్యాసం (రంధ్రంలో దూరడానికి దానికి కావలసిన వెడల్పు) 3.64. కాగితం మీద చూస్తే అణువు పట్టాలి. కానీ మైనస్ 196 డిగ్రీల చలిలో, సోడియం అయాన్లు సగం అడ్డుగా నిలిచిన కిటికీలో దూరేంత శక్తి ఆ అణువుకు ఉండదు కాబట్టి, లోపలి ఖాళీ అంతా అలాగే ఉండగా పరికరం దాదాపు రంధ్రాలే లేని పదార్థాన్ని చూపిస్తుంది. అదే పొడి 0 డిగ్రీల వద్ద కార్బన్ డయాక్సైడ్‌ను చక్కగా పట్టుకుంటుంది. సోడియంలో తగినంత భాగాన్ని కాల్షియంతో మార్చి 5ఎ చేస్తే నైట్రోజన్‌కు కూడా దారి తెరుచుకుంటుంది. జియోలైట్ల సూక్ష్మరంధ్రాలలో అణువులు పొరలు పొరలుగా పేరుకోకుండా ఖాళీని ఒక్కసారిగా నింపేస్తాయి కనుక అక్కడ బి.ఇ.టి. అంకెను పోలికకు పనికొచ్చే సూచికగా మాత్రమే చూడాలి.

అపోహ: జియోలైట్ జల్లెడ, పెద్ద అణువును ఆపి చిన్న అణువును వదులుతుంది, అంతే.

వాస్తవం: కొన్ని సందర్భాల్లో ఇది నిజం. 3ఎ రకం జియోలైట్ నీటిని లోపలికి రానిచ్చి ఇథనాల్‌ను బయటే నిలుపుతుంది. అయితే 2021లో కొవిడ్ రెండో దశలో మన ఇళ్లలోకి వచ్చిన ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లకు ఈ వివరణ పనికిరాదు. వాటిలో వాడే ఎక్స్ రకం జియోలైట్ కిటికీ 7.4 ఆంగ్‌స్ట్రాములు. ఆక్సిజన్ అణువు 3.46, నైట్రోజన్ 3.64, కనుక రెండూ సులువుగా లోపలికి వెళతాయి. నైట్రోజన్ అణువులో విద్యుదావేశం పరుచుకున్న తీరు వల్ల దాని చతుర్ధ్రువ లక్షణం ఆక్సిజన్ కంటే బలమైనది. రంధ్రాల గోడల వద్ద ఉన్న సోడియం, ఇంకా మేలుగా లిథియం అయాన్ల విద్యుత్ క్షేత్రం ఆ అణువును గట్టిగా పట్టి ఉంచుతుంది. పీడనం పెంచినప్పుడు నైట్రోజన్ నిలిచిపోయి ఆక్సిజన్ ముందుకు సాగుతుంది, పీడనం తగ్గించినప్పుడు నైట్రోజన్ విడివడి బయటికి పోతుంది. గాలిలో 0.93 శాతం ఉన్న ఆర్గాన్ ఇక్కడ ఆక్సిజన్‌లాగే ప్రవర్తిస్తుంది కాబట్టి, ఈ యంత్రాల నుంచి వచ్చే ఆక్సిజన్ సుమారు 95 శాతం దగ్గరే ఆగిపోతుంది. తేమను ఈ జియోలైట్ నైట్రోజన్ కంటే ఎంతో బలంగా పట్టుకుంటుంది, సులువుగా వదలదు. యంత్రంలోని జియోలైట్ పొర సామర్థ్యం తగ్గడానికి ముఖ్య కారణాల్లో తేమ ఒకటి.

అపోహ: రంధ్ర పరిమాణ వక్రరేఖలో 3.8 నానోమీటర్ల వద్ద సూదిలాంటి శిఖరం వచ్చింది కాబట్టి మా మట్టిలో ఆ పరిమాణం రంధ్రాలు ఉన్నాయి.

వాస్తవం: ఈ శిఖరాన్ని ఎన్నో సిద్ధాంత వ్యాసాలలో నిజమైన ఫలితంగా చూసి బాధపడ్డాను. మైనస్ 196 డిగ్రీల వద్ద రంధ్రాలలో ద్రవంగా మారిన నైట్రోజన్, పీడన నిష్పత్తి (వాయు పీడనానికి, ఆ ఉష్ణోగ్రత వద్ద అది మామూలుగా ద్రవంగా మారే పీడనానికి ఉన్న నిష్పత్తి) సుమారు 0.42కు పడిపోగానే స్థిరత్వం కోల్పోయి ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఆ హఠాత్తు దిగుడును రంధ్ర వ్యాసంగా మార్చితే ఎప్పుడూ 3.8 దగ్గరే తేలుతుంది. అది నైట్రోజన్ స్వభావం, మట్టి గుణం కాదు. పలకల్లాంటి రేణువులు గుంపులుగా చేరిన బంకమట్టిలో ఇది మరీ సాధారణం. పీడనం పెంచుతూ వాయువు ఎక్కేటప్పుడు తీసిన కొలతల నుంచి అదే లెక్క చేసి చూడండి, శిఖరం మాయమైతే అది లేని రంధ్రమే. 2015లో అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘం ఐయూపాక్ సూక్ష్మరంధ్రాల కొలతకు మైనస్ 186 డిగ్రీల వద్ద ఆర్గాన్‌ను సిఫారసు చేసింది. అయాన్లు, హైడ్రాక్సిల్ సమూహాలు ఉన్న ఉపరితలాలపై నైట్రోజన్ పక్షపాతం చూపడం, ఆర్గాన్‌కు ఆ చతుర్ధ్రువ లక్షణం లేకపోవడం దానికి కారణం.

అపోహ: ఆమ్లం ఎంత గాఢంగా ఉంటే, ఎంతసేపు మరిగిస్తే అంత మంచి అధిశోషకం తయారవుతుంది.

వాస్తవం: మాంట్‌మొరిల్లనైట్‌లో ఆమ్లం మొదట పొరల మధ్య ఉన్న అయాన్లను తొలగిస్తుంది, తరువాత అంచుల నుంచి అల్యూమినియం, మెగ్నీషియం, ఇనుములను కరిగించి రంధ్రాలను పెంచుతుంది. ఒక దశ వరకు వైశాల్యం పెరుగుతుంది. ఆ దశ దాటితే పొరల నిర్మాణం శిథిలమై రూపంలేని సిలికా మిగులుతుంది, వైశాల్యం మళ్లీ పడిపోతుంది. సిలికాన్, అల్యూమినియం సమానంగా ఉన్న జియోలైట్ ఎ అయితే బలమైన ఆమ్లంలో పూర్తిగా కరిగిపోతుంది. సహజ క్లినోప్టిలోలైట్ మాత్రం ఆమ్లాన్ని బాగా తట్టుకుంటుంది, దాని నైట్రోజన్ వైశాల్యం కొన్ని రెట్లు పెరగడం కూడా చూస్తాం. అక్కడ కొత్త ఉపరితలం పుట్టిన దానికంటే, అయాన్లు అడ్డున్న నాళాలు నైట్రోజన్‌కు తెరుచుకోవడమే ఎక్కువ. అలా తొలగిపోయిన అయాన్లే తక్కువ పీడనంలో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టేవి కాబట్టి, వైశాల్యం పెరిగిన నమూనాలోనే ఆ వాయువు అధిశోషణం తగ్గవచ్చు. కావలసింది ఏ వాయువో ముందు తేల్చుకొని శుద్ధి మొదలుపెట్టాలి.

అపోహ: జియోలైట్ ఏదైనా సరే, వేడిచేస్తే నీరు పోయి నిర్మాణం చెక్కుచెదరకుండా ఉంటుంది.

వాస్తవం: 1756లో స్వీడన్ ఖనిజ శాస్త్రవేత్త క్రాన్‌స్టెట్ గ్రీకు మాటలతో "మరిగే రాయి" అని పేరు పెట్టినది ఈ నీటి వల్లే, కానీ తట్టుకునే వేడి ఒక్కో జియోలైట్‌కు ఒక్కో రకం. పుణె, నాసిక్ పరిసరాల దక్కన్ బసాల్ట్ గూళ్లలో దొరికే హ్యూలాండైట్, అధిశోషణానికి పేరొందిన క్లినోప్టిలోలైట్ ఒకే చట్రం గలవి. సిలికాన్, అల్యూమినియం నిష్పత్తి 4 కంటే తక్కువైతే మొదటిది, 4 లేదా అంతకు మించితే రెండోది. మొదటిది సుమారు 350 డిగ్రీల దగ్గరే కూలిపోతుంది, రెండోది 600 డిగ్రీలు దాటినా నిలుస్తుంది. ఒకసారి క్లినోప్టిలోలైట్ అని చీటీ అంటించి ఉన్న నమూనాను అదే నమ్మకంతో 350 డిగ్రీల వద్ద శూన్యంలో ఆరబెట్టాను. వైశాల్యం అతి తక్కువగా రావడంతో రెండు రోజులు పరికరాన్నే అనుమానించాను. మిగిలిన పొడికి ఎక్స్‌రే వివర్తనం (స్ఫటిక నిర్మాణాన్ని చూపే పరీక్ష), రసాయన విశ్లేషణ చేయించినప్పుడు అది హ్యూలాండైట్ అని తెలిసింది. అప్పటి నుంచి ప్రతి సహజ నమూనాకు ఆరబెట్టక ముందు ఒకసారి, ఆరబెట్టిన తరువాత మరోసారి వివర్తన చిత్రం తీయించి, ఆ రెండూ సరిపోలిన తరువాతే నైట్రోజన్ కొలత మొదలుపెడుతున్నాను.